స్త్రీల రాజకీయ భాగస్వామ్యము: మూల్యనిర్ణయ పద్ధతులపై ఒక విమర్శ

పదమూడవ శతాబ్ది చివర మోటుపల్లి సీమను గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, ఆ దేశమును ఒక రాణి ఏలుచున్నదనియు, ఆమె వివేకవతి యనియు, న్యాయమునకును శాంతికిని పాటుపడునదనియు ప్రశంసించెను. ఆ రాణి కాకతి రుద్రమదేవియే యని చరిత్రకారులు పలువురు తలచిరి. ప్రశంస ఉచితమైనదే. కాని ఆమెకు రాజ్యమెట్లు సంక్రమించెనో చెప్పవలసి వచ్చినప్పుడు, ఆమె గతించిన రాజునకు భార్య యనియు, భర్తపై గల అనురాగముచే మరల వివాహమాడక నలువది యేండ్లు పాలించినదనియు ఆయన వ్రాసెను. రుద్రమ గణపతిదేవునకు కుమార్తె. రాజ్యము ఆమెకు తండ్రివలన వచ్చినది. శాసనములలో ఆమె 'రుద్రదేవ మహారాజు'. పరిపాలనను సరిగనే మెచ్చిన పరిశీలకుడు దాని మూలమును మాత్రము భర్త సింహాసనమున వెదకెను. స్త్రీల రాజకీయ భాగస్వామ్యమునకై నడచుచున్న కార్యక్రమములను గూర్చిన నివేదికలను చదువునప్పుడెల్ల ఈ వాక్యము నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

రాజ్యాంగమునకు 73వ సవరణము 1992లో ఆమోదింపబడి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానిచే ఏర్పడిన 243డి అధికరణము గ్రామ, మధ్యస్థ, జిల్లా పంచాయతీలయందలి స్థానములలోను, అధ్యక్షపదవులలోను మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయించినది. తరువాత బీహారు 2006లో సగము స్థానములను స్త్రీలకిచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013 నాటి పంచాయతీ యెన్నికలు ఆ సగపాలుతోనే జరిగినవి. ఇది చట్టము. దీని వెంట శిక్షణ తరగతులు, కరదీపికలు, అనుభవయాత్రలు, స్వచ్ఛంద సంస్థల ప్రణాళికలు బయలుదేరినవి. వాని వెంట వాని ఫలితములను తూచు రచనలు బయలుదేరినవి. ఈ వ్యాసమునకు విషయము ఆ మూడవ వర్గము. తెలుగు శాఖవారి పత్రికలో దీనికి తావేమి యని పాఠకులు అడుగవచ్చును. మూల్యనిర్ణయము తుదకు ఒక రచన. దానికి కర్త కలడు, ఉద్దిష్ట పాఠకుడు కలడు, నాయిక కలదు. ఆ నాయికను చూపుటలో ఒక కవిసమయము సయితము కలదు. కావున సాహిత్యవిమర్శకుడు దానిని చదువుట అనధికార ప్రవేశము కానేరదు.

మొదట పదములను చూతము. ప్రాతినిధ్యము, భాగస్వామ్యము, సాధికారత అను మూడు మాటలను నివేదికలు ఒకదానికొకటి పర్యాయములుగా వాడుచున్నవి. ప్రాతినిధ్యము లెక్కకు వచ్చునది. ఇందరిలో ఇందరు స్త్రీలని చెప్పవచ్చును. భాగస్వామ్యము క్రియ; ఎవరు, ఎప్పుడు, దేనియందు అని అడిగిన గాని తెలియదు. సాధికారత ఒక స్థితి. దానిని అనుభవించువారే చెప్పవలెను. చట్టము మొదటిదానిని ఇచ్చుచున్నది. శిక్షణకు ధనము రెండవదాని పేర వ్యయమగుచున్నది. నివేదిక చివరి పుటలో సిద్ధించినట్లు ప్రకటింపబడునది మూడవది. ఈ మూడింటి నడుమ నున్న అగాధములను దాటించుటకు 'పాల్గొనిరి' అను ఒక్క క్రియాపదము వంతెనగా నిలుచుచున్నది. తెలుగున 'పాలు' అనగా వంతు. పాల్గొనుట యనగా తన వంతును తాను గైకొనుట. శిక్షణ తరగతికి నలువది మంది సభ్యురాండ్రు వచ్చి, సంతకములు చేసి, భోజనము చేసి వెడలినచో వారు హాజరైరి. ఆ హాజరుపట్టీని 'నలువది మంది పాల్గొనిరి' అని తిరిగి వ్రాయుటతో మూల్యనిర్ణయము ముగిసినదనుకొనుట మన కార్యాలయములకు అలవాటైనది. ఇది భాషాదోషము మాత్రమే యైనచో దిద్దుకొనవచ్చును. ఇక్కడ ఒక పదము మరొక పదము చేయవలసిన పనిని కప్పిపుచ్చుచున్నది.

ఈ ప్రత్యేక స్థానముల చరిత్ర సుదీర్ఘమైనది; ఇక్కడ రెండు మూడు మాటలు చాలును. 1931లో అఖిల భారత మహిళా సంఘములు తమకు ప్రత్యేక స్థానములు వలదని, వయోజనులందరికి ఓటు కావలెనని కోరినవి. రాజ్యాంగ పరిషత్తులో రేణుకా రాయ్ 1947లో ఆ వాదమునే వినిపించెను. 1957 నాటి బల్వంతరాయ్ మెహతా సంఘము పంచాయతీ సమితులలోనికి ఇరువురేసి స్త్రీలను చేర్చుకొనవలెనని సూచించినది. ఎన్నికైన పురుషులు ఏరి తెచ్చుకొను స్త్రీలు ఎవరికి జవాబుదారులో వేరుగ చెప్పనక్కరలేదు. స్త్రీల స్థితిగతులను పరిశీలించిన జాతీయ సంఘము 1974లో సమర్పించిన నివేదికలో శాసనసభలయందు ప్రత్యేక స్థానములను అధికసంఖ్యాకులు కాదనగా, లోతికా సర్కార్, వీణా మజుందార్ భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఇరువది యేండ్లు గడవకమునుపే దేశము, పంచాయతీలమట్టుకు, ఆ భిన్నాభిప్రాయపు దారినే త్రొక్కినది.

సవరణము తరువాత వెలసిన పరిశీలనలలో శాస్త్రీయమని చెప్పదగినవి ఒక సదుపాయమువలన సాధ్యమైనవి. పశ్చిమ బెంగాలులో ఏ గ్రామపంచాయతీ ప్రధానపదవి స్త్రీకి దక్కవలెనో ఎవరి యిష్టమునకును వదలక, వరుససంఖ్యల పట్టికలో ప్రతి మూడవదానిని తీయుచు వచ్చిరి. దానిచే స్త్రీ ప్రధానులు గల గ్రామములును, లేని గ్రామములును తక్కిన విషయములలో సమానములుగ నిలిచినవి. రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో బెంగాలులోని బీర్భూమ్ జిల్లాను, రాజస్థానమందలి ఉదయపూర్ జిల్లాను పరిశీలించి 2004లో ప్రకటించిన వ్యాసము ఇందు ప్రసిద్ధము. స్త్రీలు అధ్యక్షులుగా నున్నచోట తాగునీటి వసతులపై వ్యయము రెండు జిల్లాలలోను పెరిగినది. బాటల విషయమున రెండు జిల్లాలు వేరుపడినవి: బాటలను స్త్రీలు కోరిన బీర్భూములో వానిపై వ్యయము పెరుగగా, పురుషులే ఎక్కువగా కోరిన ఉదయపూరులో తగ్గినది. ఆ వ్యాసకర్తలు 'స్త్రీలకు నీరు ప్రీతి, పురుషులకు బాట ప్రీతి' యని సామాన్యసూత్రము చేయలేదు. గ్రామస్త్రీలు పంచాయతీకి విన్నవించుకొన్నదేమో ముందు కనుగొని, ఆ విన్నపము పద్దులలో నెక్కినదా యని చూచిరి. పైని చెప్పిన 'పాలు' అను మాటకు సరిపోవు కొలత యిది.

అయినను అదే బీజము నుండి మొలచిన మరొక పరిశీలన మూల్యనిర్ణయపు పునాదినే కదలించినది; దానికి రావలసినంత ప్రచారము రాలేదు. డఫ్లో, పెటియా తోపలోవా 2004లో చేసిన ఆ పరిశీలన ప్రకారము, స్త్రీలకు కేటాయింపబడిన గ్రామములలో ప్రజోపయోగ వసతులు సంఖ్యలో అధికము, నాణ్యతలో తక్కినవానికి తీసిపోనివి. లంచములు ఇచ్చుకొనుట సయితము తక్కువ. అయినను ఆ గ్రామవాసులు తమ వసతులపై ఎక్కువ అసంతృప్తిని తెలిపిరి. పంచాయతీ యధికారములో లేని వసతులపై సయితము అసంతృప్తిని తెలిపిరి. ఈ చివరి వాక్యమును ఒకసారి నిలిచి చదువవలెను. పంచాయతీ చేతిలో లేని సేవకు స్త్రీ అధ్యక్షురాలు ఎట్లు బాధ్యురాలు? ఆ యసంతృప్తి వసతినుండి పుట్టినది కాదు, అధ్యక్షస్థానమున కూర్చున్న వ్యక్తిని చూచి పుట్టినది. మన నివేదికలలో హెచ్చుభాగము 'గ్రామస్థుల అభిప్రాయము'ను ప్రధాన ప్రమాణముగ గైకొనుచున్నవి. ఇంటింటికి పోయి 'మీ సర్పంచి పని తృప్తికరముగ నున్నదా?' అని అడిగి, వచ్చిన శాతములను సర్పంచి పేరున వ్రాయుచున్నవి. ఆ శాతములలో సర్పంచిని గూర్చిన సమాచారమెంత, అడుగబడినవారిని గూర్చిన సమాచారమెంత? ఈ రెండింటిని వేరుచేయని నివేదిక త్రాసుయొక్క వంకరను సరకుయొక్క తరుగుగా చూపుచున్నది.

త్రాసునే పరీక్షించిన వారును లేకపోలేదు. లోరీ బీమన్ మున్నగువారు బీర్భూములోనే ఒక ప్రసంగమును స్త్రీ గొంతుతోను, పురుషుని గొంతుతోను వేర్వేరుగ వినిపించి, వక్త సమర్థతను నిర్ణయింపుమని గ్రామస్థులను కోరిరి. స్త్రీ ప్రధానిని ఎన్నడు నెరుగని గ్రామములలో పురుషులు స్త్రీ గొంతునకు తక్కువ విలువ కట్టిరి. మాటలు అవియే, మారినది గొంతు మాత్రమే. స్త్రీ పాలన నెరిగిన గ్రామములలో ఈ పక్షపాతము సన్నగిల్లినది. వరుసగా రెండు ఎన్నికలలో స్త్రీలకు కేటాయింపబడిన చోట్ల, కేటాయింపు లేని స్థానములకు సయితము స్త్రీలు ఎక్కువగా పోటీచేసి గెలిచిరని 2009లో ప్రకటించిరి. అదే సంఘమువారు 2012లో ప్రకటించిన ఫలితము మరింత దూరము పోయినది: రెండు పదవీకాలములు స్త్రీ ప్రధానిని చూచిన గ్రామములలో, బిడ్డల భవిష్యత్తును గూర్చి తల్లిదండ్రులు పెట్టుకొన్న ఆశలయందు ఆడ మగ తేడా 25 శాతము తగ్గినది, కౌమారదశలోని పిల్లలు స్వయముగా పెట్టుకొన్న ఆశలలో 32 శాతము తగ్గినది, చదువులోని అంతరము తొలగిపోయినది. ఏ పంచాయతీ పద్దుల పుస్తకములోను ఈ ఫలితమునకు శీర్షిక లేదు. ఒక్క పదవీకాలము ముగియగనే తూచినచో ఇది కనబడదు కూడ.

కాలమును గూర్చిన ఈ అంశమున తెలుగునాట జరిగిన పరిశీలన విశేషముగ గమనింపదగినది. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్, ఎం. ఆర్. శరణ్ ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గ్రామీణ ఉపాధి హామీ పథకము నడచిన తీరును, సామాజిక తనిఖీ నివేదికలను ఆధారముగ జేసికొని పరిశీలించి, 2017లో ప్రకటించిరి. వారి మొదటి నిర్ణయము స్త్రీల పక్షమువారికి రుచింపదు: స్త్రీలకు కేటాయింపబడిన పంచాయతీలలో పథకపు లోపములు, ధనము దారి తప్పుట ఎక్కువగ కనబడినవి. కారణముగ వారు చూపినది అనుభవలేమి. పాలనలో కొత్తయైన అధ్యక్షురాలిని దిగువ ఉద్యోగవర్గము సులభముగ చుట్టుముట్టును. రెండవ నిర్ణయము, వరుస తనిఖీలను పోల్చినప్పుడు తేలినది: అనుభవము పెరిగినకొలది పాలన మెరుగైనది. మొదటి సంవత్సరమున కొలిచినవాడు ఒక తీర్పు చెప్పును. నాలుగవ సంవత్సరమున కొలిచినవాడు మరొక తీర్పు చెప్పును. ఇరువురును సత్యమునే చెప్పుదురు. అయితే, పని నేర్చుకొనుట ముగియునప్పటికి ఆ స్థానపు కేటాయింపు తొలగి మరొక గ్రామమునకు పోవు వాడుక పలు రాష్ట్రములలో నున్నది. తమిళనాడు ఒక్కొక్క కేటాయింపును రెండు పదవీకాలములు నిలుపుట ఈ దృష్ట్యా వివేకమనిపించును. అనుభవము ఫలించునంతలో దానిని తీసివేయు ఏర్పాటును తప్పుపట్టక, అనుభవము లేదని సభ్యురాలిని తప్పుపట్టుట మన నివేదికలకు పరిపాటి.

శిక్షణను గూర్చి కూడ ఇక్కడనే ఒక మాట చెప్పవలెను. రాధు బాన్, విజయేంద్ర రావు దక్షిణాదిని నాలుగు రాష్ట్రములలో, ఆంధ్రప్రదేశముతో కూడ, పరిశీలించి 2008లో తేల్చినదేమనగా: రాజకీయానుభవము గలచోట, పంచాయతీ వ్యవస్థ చిరకాలముగ నడచుచున్న రాష్ట్రములలో, అగ్రకులముల పెత్తనము తక్కువగనున్న గ్రామములలో స్త్రీ అధ్యక్షుల పని మెరుగుగ నున్నది. భూమి ఎవరి చేతిలో నున్నదో వారి మాటను కాదని బడ్జెటు వ్రాయుట మూడు దినముల తరగతిలో నేర్పదగిన విద్య కాదు. దళితస్త్రీ సర్పంచి జెండా యెగురవేయరాదని అడ్డగించు ఊరిలో ఆమె 'నాయకత్వ లక్షణముల'కు మార్కులు వేయు ప్రశ్నావళి, ఊరిని వదలి ఆమెను పరీక్షకు కూర్చుండబెట్టుచున్నది.

ఇక 'సర్పంచి భర్త'ను గూర్చి. మన మూల్యనిర్ణయ వాఙ్మయములో కవిసమయమని పైన పేర్కొన్నది ఇదియే. భార్య పేరు బల్లపై నుండును, భర్త కుర్చీలో నుండును. ఈ దృశ్యము అబద్ధము కాదు. తెలుగు గ్రామములను ఎరిగినవారెవరును దీనిని కాదనజాలరు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2023లో దీనికై ఒక సంఘమును నియమించినది. ఆ సంఘము 2025లో ఇచ్చిన నివేదికలో, ఇట్టి బదులుపాలన నిరూపితమైనచోట కఠినదండనను సూచించినది. నా యాక్షేపణ దృశ్యముపై కాదు, దానిని చూచు కంటిపై. ఆసామి పొలములో పాలేరుగ నున్నవాడు ఆసామి మాటపై సర్పంచి యగుట, శాసనసభ్యుని అనుచరుడు ఆయన చెప్పిన తీర్మానములపై వ్రేలుముద్రవలె సంతకము పెట్టుట ఈ దేశమున కొత్త కాదు. పురుష సర్పంచిని 'నీ నిర్ణయములను నీవే చేయుచున్నావా?' యని అడిగిన ప్రశ్నావళి నాకు ఎన్నడును కనబడలేదు. స్త్రీని మాత్రమే అడుగు ప్రశ్నకు వచ్చిన సమాధానము స్త్రీనిగూర్చి ఏమియు రుజువు చేయదు. పోల్చుటకు రెండవ రాశి లేదు. అదియునుగాక భర్త తోడు వచ్చుటకు కారణములు పలు తెరగులు. ఒకచోట అది అధికారాపహరణము. మరొకచోట పదునైదు మైళ్ల దూరమున నున్న మండల కార్యాలయమునకు బస్సు లేకపోవుట. ఈ రెండింటిని ఒకే గడిలో వ్రాసిన నివేదిక దండనకు సిఫారసు చేయగలదు గాని బస్సునకు సిఫారసు చేయలేదు.

మద్దతు నడచుచున్నంతకాలము దాని బలమును కొలువజాలము. తీసివేసిన పిమ్మట మిగిలినదానిని కొలువవలెను. రిఖిల్ భావ్‌నానీ బొంబాయి నగరపాలక సంస్థ ఎన్నికలలో ఈ పని చేసెను. 1997లో స్త్రీలకు కేటాయింపబడి, 2002లో ఆ కేటాయింపు తొలగిన వార్డులను ఆయన తక్కిన వార్డులతో పోల్చెను. ముందు కేటాయింపు నెరిగిన వార్డులో స్త్రీ గెలుచు అవకాశము, ఎరుగనిచోటికంటె సుమారు అయిదు రెట్లు. కొందరు స్త్రీలు గెలుపునకు కావలసిన బలమును సంపాదించుకొనుట ఒక కారణము. స్త్రీలు గెలువగలరని పార్టీలు నేర్చుకొనుట మరొకటి. ఈ రెండవదానిని నేను ముఖ్యమనుకొనుచున్నాను. మన కార్యక్రమములన్నియు స్త్రీలకే శిక్షణ నిచ్చుచున్నవి. టికెట్లు పంచు పార్టీలకు శిక్షణ నిచ్చిన కార్యక్రమము అరుదు.

కార్యక్రమపు గడులలో పట్టని ఫలితములకు మన ప్రాంతమున దూబగుంటకంటె గొప్ప నిదర్శనము లేదు. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము వయోజన స్త్రీలకు చదువు చెప్పుటకై బయలుదేరినది. వాచకములలో సారాను గూర్చిన పాఠములుండెను. 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది. అక్షరాస్యతా కార్యక్రమపు లక్ష్యము 'ఇందరు చదువగలరు, ఇందరు వ్రాయగలరు' అని మాత్రమే. ఆ లక్ష్యముతో తూచినచో, పాఠము నడుమ లేచి అంగడికి పోయిన స్త్రీ తరగతి విడిచిన అభ్యాసకురాలు. రాజకీయ భాగస్వామ్యముగ తూచినచో, ఒక ప్రభుత్వముచేత దాని ఆదాయమార్గమును మూయించిన పౌరురాలు. ఆమెకు ఏ సంస్థయు నాయకత్వ శిక్షణ నిచ్చి యుండలేదు. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలు తమ కథలను తామే చెప్పుకొనిరి. పోరాటము ముగిసిన పిమ్మట ఇండ్లకు మరలవలసివచ్చినప్పటి ఎడబాటు ఆ పుస్తకమున ఎంత స్పష్టముగ వినబడునో అంత స్పష్టముగ ఏ మూల్యనిర్ణయ నివేదికలోను నేను వినలేదు. స్త్రీ నోట వచ్చిన దీర్ఘకథనమును 'ప్రమాణము కాని సమాచార'మని త్రోసివేయువారు ఆ గ్రంథమును చదువవలెను.

ఒక చేత నిచ్చి మరొక చేత తీసికొను ఏర్పాటులను కూడ లెక్కలోనికి గొనవలెను. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 1994, ఇద్దరికి మించి సంతానము గలవారిని పోటీకి అనర్హులను చేసినది. ఎందరు బిడ్డలను కనవలెనో నిర్ణయించు స్వేచ్ఛ లేని కోడలికిని, ఆ నిర్ణయము చేయు మామకును చట్టము ఒకే నియమమును విధించినది. ఆంధ్రప్రదేశమున ఈ నిబంధనను 2024లో తొలగించిరి. మూడు దశాబ్దుల కాలము ఈ నిబంధనచే నామపత్రమే వేయలేకపోయిన స్త్రీలు శిక్షణ కార్యక్రమముల నివేదికలలో కనబడరు. ఎన్నికైనవారినుండియే ఆ నివేదికలు మొదలగును.

ఈ చర్చ యంతయు పాండిత్య ప్రకర్షకై కాదు. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన 106వ సవరణము లోక్‌సభయందును, శాసనసభలయందును మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించినది. జనగణన, నియోజకవర్గ పునర్విభజన ముగిసిన పిమ్మట అది అమలుకావలెనని అందే షరతు వ్రాయబడినది. కాలపరిమితి పదునైదేండ్లు, ఆపై పొడిగింపు పార్లమెంటు ఇష్టము. అనగా ఒక దినమున ఈ కేటాయింపును నిలుపుటయా, తీసివేయుటయా యను ప్రశ్నపై సభలో వాదము జరుగును. ఆనాడు ఇరుపక్షములవారి చేతులలో నుండునవి ఇట్టి మూల్యనిర్ణయ నివేదికలే. 2024 ఎన్నికలలో లోక్‌సభకు గెలిచిన స్త్రీలు 543 మందిలో 74 మంది. కేటాయింపు మొదలైన నాడే కొలతలు తీయ నారంభించినచో, పోలికకు పూర్వస్థితి దొరకదు. ఇప్పటి సభ్యులు, పురుషులు సయితము, ఎన్నిమారులు మాటాడిరి, ఎవరు వ్రాసి యిచ్చిన ప్రశ్నలు అడిగిరి, నియోజకవర్గ నిధులను ఎవరి విన్నపముపై ఎచ్చట వ్యయపరచిరి, బంధువులలో ఎందరు అదివరకే ఆ పదవిలో నుండిరి యను పట్టికను కేటాయింపునకు ముందే సిద్ధము చేయవలెను. సభాకార్యక్రమముల ముద్రిత సంపుటములు అందుబాటులోనే యున్నవి. తెలుగు రాష్ట్రముల శాసనసభల చర్చలను చదివి ఈ పట్టికను కూర్చుటకు కావలసిన భాషాపరిజ్ఞానము అర్థశాస్త్ర శాఖలకంటె మన శాఖలలోనే అధికముగ నుండును. పరిశోధక విద్యార్థులు ఒక శాసనసభ ఐదేండ్ల చర్చలతో నారంభింపవచ్చును.